కమాండోల్లో ఎవరు గొప్ప?



ఆర్మీ పారా కమాండోలు గొప్పా, నేవీ మార్కోస్ గొప్పా, ఎయిర్‌ఫోర్స్ గరుడ్ గొప్పా అని మన గ్రూపులో ఒకటే వాదన. "మన గ్రేహౌండ్స్ ముందు వీళ్ళెంత" అని ఇంకొకరు. ఇవి క్రికెట్ టీములా అండీ?

2008 జూన్ 29న బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ పడవ మీద మావోయిస్టులు కాల్పులు జరిపారు. 38 మంది పోయారు. అడవిలో ఆరితేరినవాళ్ళే, నీళ్ళ మీద దాక్కోవడానికి చోటేదీ?

అదే ఏడాది నవంబరు 26 రాత్రి ముంబైలో దాడి. మార్కోస్ ఊళ్ళోనే ఉన్నారు గనుక తాజ్ హోటల్లోకి ముందు వెళ్ళారు. ఎన్‌ఎస్‌జీ మానేసర్ నుంచి విమానంలో వచ్చేసరికి తెల్లవారింది. లోటు ధైర్యంలో కాదు, ఏర్పాటులో. ఆ దెబ్బ తిన్నాకే 2009లో మన చెన్నైకి ఎన్‌ఎస్‌జీ కేంద్రం వచ్చింది. మూడు దళాల కమాండోలను కలిపి నడిపే విభాగమైతే 2019 దాకా లేదు.

రైల్వేలో పనిచేసినవాణ్ణి, ఒకటే చెబుతాను. ఇంజను ఎంత గట్టిదైనా సిగ్నల్ పడకపోతే బండి కదలదు. ఎవరు గొప్ప అని మనలో మనం కొట్టుకోవడం మానేద్దాం. ఆపద వస్తే ఎంతసేపట్లో చేరతారు, ఎవరి ఆర్డరు కోసం ఆగాలి అని ఓటడగ వచ్చేవాళ్ళను అడుగుదాం. ఆ వీరులకు మనం చేయగల మర్యాద అదే.