కళింగకు చెప్పని మాట

కవిటి నుంచి ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళితే జౌగడ బండపై అశోకుడి శాసనాలున్నాయి. బాటల వెంట బావులు, చెట్లు. మనుషులకూ పశువులకూ వైద్యం. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే ఇంత ముందుచూపు!

ఆ పాలనా నేర్పును మెచ్చుకోవలసిందే.

కానీ కళింగ యుద్ధంలో లక్ష మంది హతమయ్యారని, లక్షన్నర మందిని తరలించారని చెప్పుకుని చింతించిన 13వ శాసనం కళింగ నేలపై ఉన్న జౌగడలో లేదు, అక్కడి మరో శాసన స్థలమైన ధౌలిలోనూ లేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. పశ్చాత్తాపం ఊరూరా చాటి, దెబ్బతిన్న కళింగులకే చెప్పలేదన్నమాట. తరలించినవారిని వెనక్కి పంపిన ప్రస్తావన అందులో లేదు; అడవి జనాలకు హెచ్చరిక మాత్రం ఉంది.

కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతపు బడుల్లో అశోకుడి పాఠం చెప్పే ఉపాధ్యాయులు బావులతో పాటు ఆ లక్ష మంది లెక్కనూ పిల్లల ముందుంచాలి.