బస్సు దిగాక ఏం చేయాలి?

సింహం గర్జన ఎనిమిది కిలోమీటర్ల దాకా వినిపిస్తుందంటారు. ఆ లెక్కన హైదరాబాద్ పాతబస్తీలో బహదూర్‌పురా, కిషన్‌బాగ్ పిల్లలకు నెహ్రూ జూలాజికల్ పార్కు సింహాలు ఇరుగుపొరుగే. మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఉన్న ఈ జూ 1963 అక్టోబర్ 6న తెరుచుకుంది. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లో పిల్లలకు మాత్రం గేటు అవతలి లోకం దూరమే. టికెట్ ఒక్కటే అయితే ఎలాగో సర్దుకుంటారు. ఆ రోజు కూలి పోతుంది, లోపల టాయ్ ట్రైన్‌కీ సఫారీకీ విడిగా డబ్బు కావాలి.

ఈ లోటు తీర్చాలనే స్వచ్ఛంద సంస్థలు, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ బృందాలు సంక్షేమ హాస్టళ్ల పిల్లల కోసం బస్సు మాట్లాడతాయి. మంచి పనే. ఆ రోజు గడిచే తీరుతోనే పేచీ. గేటు దగ్గర బ్యానర్‌తో ఫొటో, నెత్తిన తలో టోపీ, ఇక పరుగే. పులి, ఏనుగు, మొసలి, పులిహోర పొట్లం, మళ్లీ బస్సు. పిల్లలు ఎక్కువసార్లు వినేది జంతువుల పేర్లు కాదు, "లైన్ తప్పొద్దు" అన్న కేక.

ఒక్కపూటలో 380 ఎకరాలు చుట్టాలన్న పట్టుదల ఎందుకు? రెండు మూడు చోట్లు చాలు. ఉదాహరణకు నిశాచర జీవుల కేంద్రం. అక్కడ పగలు చీకటి చేసి, రాత్రి దీపాలు వేస్తారు. దాంతో దేవాంగ పిల్లి, పునుగు పిల్లి, గబ్బిలం మనం వెళ్లే వేళకు మేలుకుని తిరుగుతుంటాయి. ఈ కిటుకు ముందే చెప్పేయకుండా, లోపల అరగంట ఉంచి, ఇక్కడ ఇంత చీకటెందుకో పిల్లల్నే కనిపెట్టమంటే పాఠం దానంతటదే నడుస్తుంది.

పిల్లలు పాల్గొనే కార్యక్రమం అనగానే కొందరు నిర్వాహకులకు జంతువుల్ని నిమిరించడం, మేత తినిపించడం తోస్తాయి. అది కుదరదు. జూలో జంతువుల్ని ఏడిపించడాన్నీ, వాటికి సందర్శకులు తిండి పెట్టడాన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. పైగా ఈ జూలోనే 2021 మే నెలలో ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకినట్టు తేలింది. దూరం రెండు పక్కలా మంచిదే. చేతికి పని కావాలంటే పాము కుబుసం ఉంది, పులి పాదముద్ర అచ్చు పక్కన తమ అరచేయి ఆనించి చూసుకోవడం ఉంది.

అన్నిటికన్నా గొప్ప వనరు కీపర్. ఏళ్ల తరబడి ఒకే జంతువును చూసుకున్న మనిషి పావుగంట మాట్లాడితే ఏ బోర్డూ సాటిరాదు. ఎండాకాలం ఎన్‌క్లోజర్లలో స్ప్రింక్లర్లు, కూలర్లు ఎందుకు పెడతారో ఆయన చెబుతాడు. చాలా జూలలో పులులకు వారానికో రోజు పస్తు పెడతారనీ, అడవిలో రోజూ వేట దొరకదు గనుక అదే వాటి ఒంటికి మంచిదనీ చెబుతాడు. ఆకలి తెలిసిన పిల్లలు ఆ మాట దగ్గర ఆగి అడిగే ప్రశ్నలు ఇంకెవరూ అడగలేరు.

పేద పిల్లలంటే ఏమీ తెలియని పిల్లలన్న చూపు కూడా మారాలి. అంతరించే ప్రమాదంలో ఉన్న జీవులపై పరిశోధించే లాకోన్స్ సాయంతో ఇదే జూలో మూషిక జింకల్ని పెంచి, 2017 నుంచి నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదులుతున్నారు. పెద్దదైనా నాలుగు కిలోలు మించని జింక అది. ఆ అడవి పక్క ఆశ్రమ పాఠశాలల చెంచు పిల్లల్ని జూకు తీసుకొచ్చి ఈ సంగతి చెబితే, అడవి గురించి వాలంటీర్లకే వాళ్లు పాఠం చెప్పొచ్చు. వినే ఓపిక మనకుండాలి.

ఇదంతా ఆదివారం రద్దీలో సాగదు. సోమవారం జూకు సెలవు. మంగళవారమో బుధవారమో ముప్పై మందికి మించకుండా వెళ్లాలి, కీపర్ సమయాన్ని జూ అధికారులతో ముందే మాట్లాడుకోవాలి. సర్కారు బడుల సందర్శన యాత్రలకు సమగ్ర శిక్ష పథకంలో వెసులుబాటుంది, హెడ్మాస్టర్లు అడిగి వాడుకోవాలి. బ్యానర్ డబ్బుతో తలా ఒక నోట్‌బుక్కు, పెన్సిలు కొనొచ్చు.