ఓటు మనది, హుకుం ఎవరిది?



ఎలక్షన్ దగ్గరపడితే మన మొహల్లాల్లో ఒకటే బహస్. ఫలానా పార్టీ మనవాళ్లకు ఎన్ని టికెట్లిచ్చింది, ఈసారి మనోడు గెలుస్తాడా లేదా అని. నా సవాల్ వేరు. గెలిచిన ఆ నుమాయిందా చేతిలో ఇఖ్తియార్ ఎంత? అసెంబ్లీలో గానీ పార్లమెంటులో గానీ, బిల్లు మీద ఓటేసే ఘడియలో, నా లెక్క ప్రకారం సిఫర్.

2025 ఏప్రిల్ 2 రాత్రి గుర్తుంది కదా. వక్ఫ్ సవరణ బిల్లు మీద లోక్‌సభలో ఓటింగ్ అర్ధరాత్రి దాటాక జరిగింది. అనుకూలంగా 288, వ్యతిరేకంగా 232. తెలుగుదేశానికి 16 మంది ఎంపీలు. పార్టీ బిల్లుకు మద్దతు చెప్పింది, విప్ ఇచ్చింది, అంతే. గుంటూరులో, కర్నూలులో, నంద్యాలలో ఆ పార్టీకి ఓటేసిన ముసల్మాన్ ఖాందాన్‌ల రాయ్ ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగినా ఫాయిదా ఏముంది? ఆ పదహారు మందిలో ఒకరి జమీర్ ఒప్పుకోక ఎదురు ఓటేసి ఉంటే, కుర్సీకే ఖత్రా.

ఇది ఎవరి బద్‌తమీజీ కాదు, కానూనే అలా ఉంది. 1985లో 52వ సవరణ తెచ్చి రాజ్యాంగంలో పదో షెడ్యూల్ చేర్చారు. మక్సద్ మంచిదే: పార్టీలు మారే ఆయారామ్ గయారామ్‌లను ఆపడం. కానీ అందులోనే ఇంకో ముక్క పెట్టారు. పార్టీ హుకుంకు వ్యతిరేకంగా ఓటేసినా, అసలు ఓటే వేయకపోయినా సభ్యత్వం రద్దవుతుంది, పదిహేను రోజుల్లో పార్టీ మాఫ్ చేస్తే తప్ప. మనం పంపినోడు చెయ్యెత్తుతాడు. ఎప్పుడు ఎత్తాలో చెప్పేది మాత్రం పైనున్న ఒక మనిషి, లేదా ఒక ఖాందాన్.

మరి ఫిరాయింపులైనా ఆగాయా? 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో కలిశారు. మూడింట రెండొంతులు కదా, కానూన్ ప్రకారం అది "విలీనం". 2023 ఎన్నికల తర్వాత గాలి తిరిగింది, బీఆర్ఎస్ నుంచి పది మంది కాంగ్రెస్ వైపు నడిచారు. వాళ్ల మీద ఫిర్యాదులు నెలల తరబడి స్పీకర్ దగ్గరే ఉండిపోతే, మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కుర్సీ కోసం దూకినోడికి మొహలత్. జమీర్ కోసం ఓటేసినోడికి సజా. ఇదేం ఇన్సాఫ్?

ఇక ఆ పైనున్న పెద్దమనిషిని నడిపేది ఎవరు? దౌలత్. ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల హద్దు ఉంది, పార్టీ ఖర్చుకు హద్దే లేదు. 2018లో ఎలక్టోరల్ బాండ్లు తెచ్చారు. ఇచ్చేదెవరో అవామ్‌కు తెలియకూడదు, అదీ దాని ఖూబీ. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేశాకే ఫెహరిస్త్ బయటపడింది. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ ఒక్కటే 966 కోట్ల బాండ్లు కొన్నది. తీసుకున్నవాళ్లలో బీజేపీది మొదటి స్థానం. బీఆర్ఎస్‌కు 1,200 కోట్లకు పైగా. వైసీపీ, టీడీపీలకూ వందల కోట్లు. ఓటుకు రెండు వేలు తీసుకున్న గల్లీ నానీమాను మాత్రం "ఈమాన్ అమ్ముకుంది" అని తిడతాం!

మనకేమో రంజాన్‌లో ఇఫ్తార్ దావత్, నెత్తిన టోపీ పెట్టుకుని ఒక ఫోటో. మన పెద్దలు అక్కడ ఖబరస్తాన్‌కు ప్రహరీ గోడ అడిగి వస్తారు. అది మునిసిపాలిటీ పని, జనాబ్. అడగాల్సింది ఇంకొకటి ఉంది. సర్కార్ నిలబడాలా పడిపోవాలా అని తేల్చే ఓటుకు మాత్రమే విప్ ఉండాలి, మిగతా బిల్లుల మీద సభ్యుడికి ఆజాదీ ఇవ్వాలి. ఇది నా ఖయాల్ కాదు. 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ ఈ తీరు సిఫారసు చేసింది. ముప్పై అయిదేళ్లయింది, ఏ పార్టీ ముట్టుకోలేదు.

"విప్ తీసేస్తే ఎమ్మెల్యేలు అమ్ముడుపోతారు భాయ్" అంటారు కొందరు. ఇప్పుడు అమ్ముడుపోవడం లేదా? తేడా ఒక్కటే, ఇప్పుడు బేరం టోకున జరుగుతోంది. రేపు ఓటడగడానికి మీ గడప తొక్కినోడికి చాయ్ పోయండి, పోసి ఇదొక్కటి అడగండి: "మియా, పార్టీ ఒకటి చెప్పి మేమింకొకటి చెబితే ఎవరి మాట వింటావ్?"