కూర్చునే చెక్క

తెలుగువారు ఒకప్పుడు పీట మీద కూర్చుని భోజనం చేసేవారు. పీటకు వీపు లేదు, చేతులు లేవు, ఉన్నదంతా ఆసనమే. ఇంట్లోకి భోజనాల బల్ల వచ్చిన తరువాత ఆ స్థానాన్ని కుర్చీ ఆక్రమించింది. దానితో కొనేవారి చూపు వీపు మీది నగిషీకి, పైపూత మెరుపుకు మళ్లింది. కూర్చునే చోటికి మాత్రం ప్లైవుడ్ ముక్క చాలునన్న అభిప్రాయం బలపడింది. ఈ అభిప్రాయం సరైనది కాదు. వడ్రంగి చేత చేయించుకునే కుర్చీకి నిండు చెక్క ఆసనమే తగినది.

అయితే ఆ చెక్క స్వభావం తెలిసి ఉండాలి. మేరీమాత కొండ పాదాన ఉన్న గుణదలలోనైనా, విజయవాడలో మరెక్కడైనా వేసవిలో ఎండ ఒక్కొక్కప్పుడు 45 డిగ్రీలు దాటుతుంది. వానకాలంలో గాలి తేమతో బరువెక్కుతుంది. ఎండకు చెక్క కుంచించుకొంటుంది, తేమకు ఉబ్బుతుంది. ఈ మార్పు నిలువున దాదాపు ఉండదు, అంతా అడ్డంగానే. 18 అంగుళాల వెడల్పు గల టేకు ఆసనం రెండు మూడు మిల్లీమీటర్లు కదలవచ్చు. అంతేగదా అని దానిని చట్రానికి మేకులతో బిగగొడితే, ఎంత చేవ గల కర్ర అయినా పగులుతుంది.

నేర్పరి అయిన వడ్రంగి మూడు నాలుగు పలకల అంచులను, నడుమ వెలుతురు కనిపించనంతగా చిత్రిక పట్టి, జిగురుతో కలుపుతాడు. ఒకటిన్నర అంగుళాల మందంలో అర అంగుళం మేర ఉలితో, బాడిసతో గుంట తీస్తాడు. తొడలకు ఒత్తుకోకుండా ముందంచును గుండ్రంగా మలుస్తాడు. ఇంగ్లండులో విండ్సర్ కుర్చీల ఆసనాలను ఎల్మ్ చెక్కతో ఇలాగే తొలిచేవారు. కాళ్లు, వీపు పుల్లలు అన్నీ ఆ ఆసనంలోనే దిగేవి.

ఈ పని చౌక కాదు, ప్లైవుడ్ పగలదు అనేవారి మాటలోనూ నిజముంది. కాని పగుళ్లకు కారణం చాలావరకు చేయించేవారి తొందరే. పండుగ నాటికి కుర్చీలు కావాలని పచ్చి కర్రనే కోయించి, పగిలిన తరువాత వడ్రంగిని నిందించడం న్యాయమా? ఖర్చుకు వెనుకాడేవారికి మరొక దారి ఉంది. డెల్టా గ్రామాల్లో కూల్చిన పాత ఇళ్ల టేకు దూలాలు, ద్వారబంధాలు దశాబ్దాలుగా ఆరి ఉంటాయి. మేకులు ఊడదీసి కోయించుకుంటే ఆసనానికి అంతకన్న మంచి కర్ర దొరకదు.

కుర్చీ ఇంటికి తెచ్చుకునే ముందు దానిని ఒకసారి తిరగేసి చూడాలి. ఆసనం ముందంచు గట్టిగా బిగిసి, వెనుకవైపు మరమేకుల రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా ఉంటే, వడ్రంగి చెక్క కదలికకు చోటు విడిచాడన్నమాట.