గాదెలో గింజలు ఎన్నాళ్లు?
ఇంగ్లండ్ స్థానిక కౌన్సిళ్ల నిధులు, నిల్వలు: ఒక పరిశీలన

2018 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ మధ్యభాగంలోని నార్తాంప్టన్‌షైర్ కౌంటీ కౌన్సిల్ ఒక నోటీసు వెలువరించింది. చట్టరీత్యా తప్పనిసరిగా అందించవలసిన సేవలకు మినహా కొత్తగా ఒక్క పౌండు కూడా ఖర్చు చేయరాదన్నది దాని సారాంశం. అంతకు కొద్ది నెలల ముందు, 2017 అక్టోబరులో, అదే కౌన్సిల్ 5.3 కోట్ల పౌండ్ల వ్యయంతో నిర్మించుకున్న కొత్త ప్రధాన కార్యాలయాన్ని ప్రారంభించింది. ఏడాది తిరగకముందే ఆ భవనాన్ని అమ్ముకొని, తాను కట్టిన ఇంట్లో తానే అద్దెకు ఉండవలసిన దుస్థితి దానికి దాపురించింది. కౌంటీలోని 36 గ్రంథాలయాలలో 21 గ్రంథాలయాలను వదిలించుకోవాలని తలపెట్టగా, ఆ నిర్ణయం చట్టవిరుద్ధమంటూ 2018 ఆగస్టులో హైకోర్టు కొట్టివేసింది.

దాదాపు రెండు దశాబ్దాలుగా ఇంగ్లండులో ఏ కౌన్సిలూ అటువంటి నోటీసు ఇవ్వలేదు. అందువల్ల అది ఒక్క సంస్థ చేసిన తప్పిదంగానే అందరికీ కనిపించింది. కానీ 2020లో క్రోయ్‌డన్, 2021లో స్లౌ, 2022లో థరక్, 2023లో వోకింగ్, బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ అదే బాట పట్టాయి. శతాబ్దాల స్వపరిపాలనా సంప్రదాయం గల దేశంలో ఊరి వీధిదీపానికీ, వృద్ధుల సంరక్షణకూ డబ్బు చాలని పరిస్థితి ఎందుకు వచ్చింది? కౌన్సిళ్లు దాచుకున్న నిల్వ నిధులు ఏమయ్యాయి?

బాధ్యత ఒకరిది, కళ్లెం మరొకరిది

ఇంగ్లండ్ కౌన్సిళ్లకు ప్రధానమైన ఆదాయ మార్గాలు మూడు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లు మొదటిది. ఇళ్ల మీద విధించే కౌన్సిల్ పన్ను రెండవది. వ్యాపార భవనాల మీద వసూలయ్యే బిజినెస్ రేట్లు మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ పూర్తిగా స్థానిక సంస్థల అధీనంలో లేకపోవడమే అసలు చిక్కు. కౌన్సిల్ పన్నుకు ఈనాటికీ 1991 నాటి ఇళ్ల విలువలే ఆధారం. దానిని కేంద్రం నిర్ణయించిన పరిమితికి మించి పెంచాలంటే 2011 నాటి చట్టం ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. సామాజిక సంరక్షణ బాధ్యతలు గల కౌన్సిళ్లకు 2023-24 నుంచి ఆ పరిమితి సాధారణంగా 5 శాతం. బిజినెస్ రేట్ల గుణకాన్ని 1990 నుంచి కేంద్రమే ఖరారు చేస్తున్నది. 2013 ఏప్రిల్ నుంచి వసూళ్లలో సగం స్థానిక సంస్థల వాటాకు వదిలిపెట్టినా, రేటు నిర్ణయించే అధికారం మాత్రం లండన్‌లోనే ఉండిపోయింది.

ఖర్చు సంగతి ఇందుకు భిన్నం. నిరాధారులైన పిల్లల పోషణ, వికలాంగుల, వయోవృద్ధుల సంరక్షణ, ఇల్లు లేనివారికి తాత్కాలిక వసతి వంటివన్నీ చట్టం విధించిన బాధ్యతలు. డబ్బు లేదని వాటిని ఆపివేయడానికి వీలులేదు. వృద్ధుల సంఖ్య పెరిగేకొద్దీ ఈ భారమూ పెరుగుతూనే ఉంటుంది. పెద్ద కౌన్సిళ్ల వ్యయంలో సగానికి పైగా ఈ సంరక్షణ సేవలకే పోతున్నది. కనుక కోత పడవలసి వచ్చినప్పుడల్లా వేటు గ్రంథాలయాల మీద, యువజన కేంద్రాల మీద, రోడ్ల మరమ్మతుల మీద పడుతున్నది.

సగానికి తగ్గిన గ్రాంట్లు

2008 నాటి ఆర్థిక సంక్షోభానంతరం అధికారంలోకి వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం లోటు తగ్గింపును ప్రథమ లక్ష్యంగా ప్రకటించింది. కౌన్సిళ్లకు ఇచ్చే నిధులను నాలుగేళ్లపాటు ఏటా 7.1 శాతం చొప్పున తగ్గిస్తామని 2010 అక్టోబరులో ఆర్థికమంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ పార్లమెంటులో వెల్లడించారు. ఫలితాన్ని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2018 మార్చి నివేదికలో లెక్కగట్టింది. ధరల పెరుగుదలను పరిగణనలోకి తీసుకుంటే 2010-11, 2017-18 మధ్య కేంద్ర నిధులు 49.1 శాతం తగ్గాయి. కౌన్సిల్ పన్నును కూడా కలుపుకుంటే మొత్తం వ్యయశక్తి 28.6 శాతం క్షీణించింది.

ఈ కోత అందరినీ సమానంగా బాధించలేదు. సంపన్నులు నివసించే ప్రాంతాలలో ఇళ్ల విలువ ఎక్కువ, కౌన్సిల్ పన్ను రాబడీ ఎక్కువ. కనుక గ్రాంటు తగ్గినా ఆ కౌన్సిళ్లు నిలదొక్కుకోగలిగాయి. పేద ప్రాంతాల కౌన్సిళ్లకు గ్రాంటే ఊపిరి. అది సగానికి తగ్గితే వాటి సేవలు కుప్పకూలడం సహజం. అవసరం ఎక్కువగా ఉన్నచోటనే కోత లోతుగా దిగిందన్నమాట.

నిల్వలు పెరిగిన వైచిత్రి

ఇక్కడే నిల్వ నిధుల వివాదం తలెత్తింది. గ్రాంట్లు తగ్గుతున్న తొలి సంవత్సరాలలో కౌన్సిళ్ల నిల్వలు తరగలేదు సరికదా, పెరిగాయి. అప్పటి స్థానిక వ్యవహారాల మంత్రి ఎరిక్ పికిల్స్ దీనినే ఆయుధంగా చేసుకున్నారు. కోట్ల పౌండ్లు బ్యాంకులలో మూలుగుతుండగా సేవలు తగ్గించడం దేనికన్నది ఆయన వాదన. పైకి చూస్తే అది న్యాయమైన ప్రశ్నే. కానీ నిల్వ అనే మాటలో ఇమిడిన తేడాలను గమనించాలి.

కౌన్సిల్ నిల్వలు ముఖ్యంగా రెండు రకాలు. ఎందుకనీ ప్రత్యేకించని సాధారణ నిల్వ ఒకటి. వరదలకో, కోర్టు తీర్పుకో, అనుకోని ఖర్చుకో అది అక్కరకు వస్తుంది. ఫలానా పనికని ముందే కేటాయించినది రెండవది. పాడైన వంతెనను పునర్నిర్మించడానికో, రానున్న బీమా చెల్లింపులకో దాచిన సొమ్ము అది. పాఠశాలల పేరిట ఉన్న నిల్వలు మరొక పద్దు; వాటిని కౌన్సిల్ తన ఇష్టానుసారం వాడుకోజాలదు. మంత్రులు చెప్పే పెద్ద అంకెలో ఇవన్నీ కలిసిపోతాయి. కౌన్సిలర్ల చేతిలో నిజంగా ఉండేది అందులో చిన్న భాగమే.

నిల్వలు పెంచుకోవడానికి కౌన్సిళ్లకు కారణాలు లేకపోలేదు. వచ్చే ఏడాది ఎంత గ్రాంటు వస్తుందో తెలియని స్థితిలో జాగ్రత్తపడడం ఏ గృహస్థుకైనా తెలిసిన నీతి. 2013 తరువాత బిజినెస్ రేట్ల వసూళ్లలో హెచ్చుతగ్గుల నష్టమూ వారి మీదనే పడింది. పైగా నిల్వలు చాలినంత ఉన్నవో లేవో బడ్జెట్ సమయంలో కౌన్సిల్‌కు నివేదించే బాధ్యతను 2003 నాటి చట్టం ప్రధాన ఆర్థికాధికారి మీద ఉంచింది. అయితే దాచిన సొమ్మంతా భద్రంగా ఉందనీ చెప్పలేము. 2008 అక్టోబరులో ఐస్‌లాండ్ బ్యాంకులు కుప్పకూలినప్పుడు 120కి పైగా స్థానిక సంస్థలకు చెందిన 95 కోట్ల పౌండ్లు వాటిలో చిక్కుకున్నాయి. ఒక్క కెంట్ కౌంటీ సొమ్మే 5 కోట్లు. కాలక్రమంలో అందులో అధికభాగం తిరిగి రాబట్టుకోగలిగినా, ఆ నాటి కలవరం మరపురానిది.

ఒకసారి పెట్టే సొమ్ము, ఏటా వచ్చే ఖర్చు

కూర్చుని తింటే కొండలైనా తరిగిపోతాయని సామెత. ఒక కౌన్సిల్ వద్ద 3 కోట్ల పౌండ్ల నిల్వ ఉన్నదనుకుందాం. మొదటి ఏడాది లోటు కోటి, రెండవ ఏడాది రెండు కోట్లు, మూడవ ఏడాది మూడు కోట్లు అయితే ఆ నిల్వ రెండేళ్లలోనే అడుగంటుతుంది. మూడవ ఏడాది లోటు అలాగే నిలిచి ఉంటుంది, పూడ్చడానికి మాత్రం ఏమీ మిగలదు. నిల్వను ఒక్కసారే వాడగలం. జీతాలు, సంరక్షణ వ్యయం ఏటేటా వస్తూనే ఉంటాయి. 2016-17లో వాడిన వేగంతోనే నిల్వలు వాడుతూ పోతే సామాజిక సంరక్షణ బాధ్యతలు గల కౌన్సిళ్లలో ప్రతి పదింటిలో ఒకదానికి మూడేళ్లకు సరిపడా నిల్వ కూడా మిగలదని ఆడిట్ కార్యాలయం 2018లోనే హెచ్చరించింది.

కొవిడ్ కాలంలో ఈ అంకెలు మరోసారి తికమక పెట్టాయి. వ్యాపారులకు ఇచ్చిన రేట్ల మినహాయింపులకు పరిహారంగా కేంద్రం పంపిన సొమ్ము 2020-21 చివర కౌన్సిళ్ల ఖాతాలలో నిల్వగా కనిపించింది. నిజానికి అది మరుసటి సంవత్సరాల లోటుకు లెక్క కట్టిన మొత్తమే. అయినా నిల్వల వైపు చూసే చూపు మారలేదు. 2023 డిసెంబరు నిధుల ప్రకటనలో కూడా, వీలైనచోట నిల్వలు వాడి సేవలు కాపాడుకోండని ప్రభుత్వం సలహా ఇచ్చింది. కౌన్సిళ్ల ఆందోళన మిన్నంటడంతో 2024 జనవరిలో మరో 60 కోట్ల పౌండ్లు విదిల్చింది.

లాభాల వేటలో అప్పుల ఊబి

గ్రాంటు తరిగిన కౌన్సిళ్లలో కొన్ని జాగ్రత్తను విడిచి జూదానికి దిగాయి. ప్రభుత్వ రుణసంస్థ నుంచి చౌకవడ్డీకి అప్పు తెచ్చి, అధిక రాబడి ఆశతో ఆస్తులు కొన్నాయి. వోకింగ్ చిన్న పట్టణ కౌన్సిల్. ఆకాశహర్మ్యాలు, హోటలు నిర్మాణాలకు అది చేసిన అప్పులు దాని వార్షిక ఆదాయానికి ఎన్నో రెట్లు మించాయి. 2023 జూన్‌లో నోటీసు ఇచ్చేనాటికి అంచనా వేసిన లోటు 120 కోట్ల పౌండ్లు. థరక్ ఇతర కౌన్సిళ్ల నుంచి సైతం అప్పు తెచ్చి సౌరవిద్యుత్ వ్యాపారంలో పెట్టి, 2022-23లో 46.9 కోట్ల పౌండ్ల లోటు మూటగట్టుకున్నది. కేవలం రాబడి కోసం ఆస్తులు కొనేవారికి అప్పు ఇవ్వరాదని రుణసంస్థ నిబంధనలు బిగించింది 2020 నవంబరులో. అప్పటికే చేతులు కాలాయి.

యూరప్‌లోకెల్లా పెద్ద స్థానిక సంస్థలలో ఒకటైన బర్మింగ్‌హామ్ కథ వేరు. స్త్రీ ఉద్యోగులకు సమాన వేతనం ఇవ్వని పాత పాపం దానిని వెంటాడింది. 2023లో ఆ బకాయిలను 65 నుంచి 76 కోట్ల పౌండ్లుగా లెక్కించారు. ఆ అంచనా మితిమీరినదన్న విమర్శలు తరువాత వచ్చాయి. దీనికి తోడు సుమారు 2 కోట్లతో పూర్తి కావలసిన కంప్యూటర్ వ్యవస్థ ఖర్చు 10 కోట్ల స్థాయికి చేరింది. ఫలితంగా 2024లో కౌన్సిల్ పన్ను దాదాపు 10 శాతం, 2025లో 7.5 శాతం పెరిగింది. 2025 మార్చిలో పారిశుద్ధ్య కార్మికులు పూర్తిస్థాయి సమ్మెకు దిగగా వీధులలో చెత్త గుట్టలు పేరుకుపోయాయి. ఈ భారం ఆ నగరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ తప్పదు. పూర్తికాల విద్యార్థులు మాత్రమే ఉండే ఇంటికి కౌన్సిల్ పన్ను మినహాయింపు ఉంది; చదువు ముగిసి ఉద్యోగంలో చేరిన నాటి నుంచి మన పిల్లలకూ ఆ బిల్లు వస్తుంది.

తప్పు ఎవరిది?

నార్తాంప్టన్‌షైర్ వ్యవహారాన్ని తనిఖీ చేసిన మాక్స్ కాలర్ 2018 మార్చి నివేదికలో నిధుల కొరతను ప్రధాన కారణంగా అంగీకరించలేదు. అదే స్థితిలోని ఇతర కౌంటీలు నెగ్గుకు రాగలిగాయనీ, దోషం నిర్వహణలోనే ఉన్నదనీ తేల్చి, ఆ కౌన్సిల్‌నే రద్దు చేయాలని సిఫారసు చేశారు. 2021 ఏప్రిల్‌లో దాని స్థానంలో రెండు కొత్త కౌన్సిళ్లు ఏర్పడ్డాయి. ఈ వాదనలో సత్యం ఉంది. వోకింగ్ అప్పును కేంద్రం నెత్తిన వేయలేము.

అయితే 2025-26 సంవత్సరానికి 30 కౌన్సిళ్లు ప్రత్యేక ఆర్థిక మద్దతు కింద అనుమతులు పొందవలసి వచ్చింది. ముప్పై కౌన్సిళ్లూ ఒక్కసారే చేతకానివైపోయాయని ఎవరు నమ్మగలరు? పైగా ఆ మద్దతు అనేది చాలావరకు గ్రాంటు కాదు. రోజువారీ ఖర్చుల కోసం అప్పు చేయడానికో, ఆస్తులు అమ్ముకోవడానికో ఇచ్చే అనుమతి మాత్రమే. విత్తనాల వడ్లు దంచుకు తినమని చెప్పడం వంటిదది. ప్రత్యేక అవసరాలు గల పిల్లల చదువు మీద పేరుకుపోయిన లోటును ఖాతాలలో వేరుగా చూపే వెసులుబాటును కూడా 2028 మార్చి వరకు పొడిగించారు. లెక్కలో పక్కకు పెట్టినంత మాత్రాన అప్పు తీరదు.

లెక్కలు సరిచూసే వ్యవస్థ సైతం సడలింది. దశాబ్దాలుగా కౌన్సిళ్ల ఖాతాలను పర్యవేక్షించిన ఆడిట్ కమిషన్‌ను 2015లో రద్దు చేశారు. 2022-23 ఖాతాలలో గడువులోగా ఆడిట్ పూర్తయినవి ఒక్క శాతమే. సరిచూడని పద్దులలోని నిల్వను నమ్మి సేవల భవిష్యత్తు నిర్ణయించడం ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు.

ముందున్న దారి

దశాబ్దం తరువాత మళ్లీ ఒక సంవత్సరానికి కాక మూడేళ్లకు, 2026-27 నుంచి 2028-29 వరకు, నిధులు ఒకేసారి ప్రకటించే పద్ధతికి లేబర్ ప్రభుత్వం మళ్లింది. పేదరికాన్ని ఎక్కువగా లెక్కలోకి తీసుకునే పంపిణీ సూత్రాన్నీ ముందుకు తెచ్చింది. రెండంచెల కౌన్సిళ్లను కలిపి పెద్ద సంస్థలుగా మార్చే ప్రక్రియ సాగుతున్నది. సర్రేలో రెండు కొత్త కౌన్సిళ్లు ఏర్పరచనున్నట్లు, వోకింగ్ అప్పులో 50 కోట్ల పౌండ్లు తీర్చనున్నట్లు 2025 అక్టోబరులో ప్రకటించింది. మూడేళ్ల భరోసా నిస్సందేహంగా మేలే. రేపటి గ్రాంటు ఎంతో తెలిస్తే, భయంతో దాచుకునే అవసరం కొంత తగ్గుతుంది. కానీ అప్పులు ఉన్నవారినీ లేనివారినీ కలిపినంత మాత్రాన అప్పు మాయం కాదు; పంచుకునేవారి సంఖ్య మాత్రమే పెరుగుతుంది.

నిల్వ ఉన్నది కష్టకాలానికి. ఏటా వచ్చే కష్టాన్ని కష్టకాలం అనరు, విధానం అంటారు. బాధ్యతలు అప్పగించిన ప్రభుత్వం వాటికి తగిన ఆదాయాన్నో, దానిని సమకూర్చుకునే స్వేచ్ఛనో స్థానిక సంస్థలకు ఇవ్వాలి. రెండూ ఇవ్వకుండా గాదెను చూపించి గింజలు తినమంటే, గాదె ఖాళీ అయిన నాడు ఆకలితో ఉండేది మంత్రులు కారు. మూతపడిన గ్రంథాలయం గుమ్మంలో నిలిచిన విద్యార్థి, సంరక్షకురాలి రాకకు ఎదురుచూసే వృద్ధురాలు.