మూడు చక్రాల బండీ, ఎడమవైపు భయమూ

ప్రశ్న: నా వయస్సు 44 సంవత్సరాలు. రెండేళ్ళప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. క్యాలిపర్ వేసుకుని, చంక కర్ర సాయంతో నడుస్తాను. నాగర్‌కర్నూల్‌లో చిన్న కుట్టు దుకాణం నడుపుకుంటున్నాను. మా ఊరు అక్కడికి ఏడు కిలోమీటర్లు. ఇంతకాలం మా అబ్బాయి మోటారుసైకిల్ మీద దింపేవాడు. వాడు వచ్చే నెల చదువు కోసం హైదరాబాదు పోతున్నాడు. మా తమ్ముడు పక్క చక్రాలు బిగించిన పాత స్కూటర్ ఒకటి బేరం చేశాడు. దానిమీద కూర్చుని వంద గజాలు పోయేసరికి ఎడమవైపు పడిపోతున్నట్లనిపించి, కేక పెట్టి దిగిపోయాను. "కింద అన్ని చక్రాలుండగా ఎట్లా పడతావు?" అని అందరూ నవ్వారు. పైగా రెండేళ్ళుగా సాయంత్రమయ్యేసరికి మంచి కాలు కూడా బరువెక్కుతోంది. భయం పోవడానికి మందు ఉందా? లేక దుకాణం మూసుకోవలసిందేనా?

— ఒక సోదరి, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: దుకాణం మూయవద్దు. భయానికి మందూ వేసుకోవద్దు. భయం తగ్గించే మాత్రలు చాలావరకు మత్తు కలిగిస్తాయి. అవి వేసుకుని బండి నడపడం ప్రమాదం.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించినది "ఎడమవైపు" అన్న మాట. ఉత్త పిరికితనానికి కుడి, ఎడమ ఉండవు. మీరు పడిపోతానని భయపడినది ఒకే వైపుకు. అంటే మీ శరీరం ఏదో కనిపెట్టింది. ఆ బండి ఎడమ చక్రంలో గాలి తగ్గి ఉండవచ్చు, దాన్ని పట్టి ఉంచే ఇనుప చట్రం వంగి ఉండవచ్చు, లేదా మీ ఎడమ తుంటి కండరాలు సన్నబడినందువల్ల సీటుమీద మీరే అటు ఒరుగుతూ ఉండవచ్చు. వీటిలో ఏది నిజమో తేలేవరకు ఆ బండికి డబ్బు ఇవ్వకండి. నవ్వినవాళ్ళు చక్రాలు లెక్కపెట్టారు. మీరు బండిని పరీక్షించారు.

ఈ విషయంలో నేను ఒకసారి దెబ్బతిన్నవాణ్ణి. చాలా ఏళ్ళ క్రితం పోలియో వచ్చిన ఒక యువకుడు లైసెన్సు కోసం వైద్య ధ్రువపత్రం అడిగాడు. చేతులు చూశాను, కళ్ళు చూశాను, సంతకం పెట్టాను. బయట చెట్టుకింద నిలిపిన అతని పాత బండిని మాత్రం చూడలేదు. నెల తిరక్కుండానే పక్క చక్రం వెల్డింగు విరిగి పడ్డాడు. చచ్చుబడిన కాలి తొడ ఎముక విరిగింది. పనిచేయని కాలిలో ఎముక కూడా పలచబడి ఉంటుంది, చిన్న దెబ్బకే విరుగుతుంది. అతను కోలుకున్నాడు గాని, చాలా నెలలు మంచంలో గడిచాయి. అప్పటినుంచి ఇటువంటి ధ్రువపత్రానికి వచ్చినవారిని "బండి ఎక్కడ?" అని అడిగి, లేచి వెళ్ళి చూస్తున్నాను.

ముందు మీ శరీరం సంగతి. పోలియో క్రిమి వెన్నుపాములో కండరాలను కదిలించే నరాల కణాలను చంపుతుంది. స్పర్శ తెలిపే నరాల జోలికి పోదు. అందువల్ల మీ కాలికి బలం లేకపోయినా చురుకు తెలుస్తుంది. బండి నడపడంలో ఇది మీకు కలిసివచ్చే విషయం. వెన్నుపూస దెబ్బతిన్నవారికి, చక్కెర వ్యాధితో పాదాలు మొద్దుబారినవారికి సైలెన్సర్ తగిలి కాలు కాలినా తెలియదు. వారు ఈ బండి ఎక్కితే సైలెన్సర్‌కు కప్పు, సీటుమీద మెత్తని దిండు తప్పనిసరి.

మంచి కాలు బరువెక్కడాన్ని మాత్రం అశ్రద్ధ చేయవద్దు. పోలియో నాడు మిగిలిన కొద్ది నరాల కణాలు చచ్చినవాటి పని కూడా నెత్తిన వేసుకుంటాయి. పదిహేనేళ్ళకో, నలభై ఏళ్ళకో కొందరిలో అవి అలసిపోతాయి. కొత్తగా నీరసం, కండరాల నొప్పి, చలికి తట్టుకోలేకపోవడం మొదలవుతాయి. పోలియో తిరగబెట్టిందని బెంగ పడకండి. ఇది అంటువ్యాధి కాదు. అయితే ప్రతి నీరసానికీ పోలియోనే కారణం అనుకోకూడదు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తగ్గినా, చక్కెర వ్యాధి వచ్చినా కాళ్ళు బరువెక్కుతాయి. ఆస్పత్రికి వెళ్ళి ఈ పరీక్షలు చేయించుకోండి. ఇంకా నడిచి సాధించాలని మొండికి వేయకుండా, ఉన్న బలాన్ని పొదుపుగా వాడుకోండి. మీ విషయంలో బండి ఆ పొదుపులో భాగమే.

ఇక పాత బండి ఎన్నిక. మనం మూడు చక్రాల బండి అంటాం గాని, ఎక్కువగా దొరికేవాటికి నాలుగు ఉంటాయి. మామూలు గేర్లు లేని స్కూటర్ వెనుక చక్రానికి అటూ ఇటూ రెండు చిన్న చక్రాలు బిగిస్తారు. వెనుక చక్రం తీసేసి ఇరుసుతో రెండు చక్రాలు పెట్టిన అసలైన మూడు చక్రాల బండ్లు తక్కువ. దేనినైనా ఈ వరుసలో చూడండి.

మొదట సీటు ఎత్తు. క్యాలిపర్ తాళం విప్పి, ఎవరూ ఎత్తకుండా మీరే ఎక్కి దిగగలగాలి. ఒకసారి కాదు, అయిదుసార్లు. అయిదోసారికి భుజం నొప్పి పుడితే ఆ బండి మీకు పొడవు. మీకు చంక కర్రతోనే భుజం, మణికట్టు సగం అరిగి ఉంటాయి. నడుముకు ఆనుకునే పట్టీ, కర్ర పెట్టుకునే కొక్కెం ఉండాలి.

రెండవది చేతులు. బ్రేకులు రెండూ చేతికే ఉండాలి, వేళ్ళతో పూర్తిగా నొక్కగలగాలి. బటన్ నొక్కగానే ఇంజను అందుకోవాలి. అందుకోకపోతే కిక్కు కొట్టమంటారు. అది మీ పని కాదు. బ్యాటరీ సంగతి కొనకముందే తేల్చుకోండి.

మూడవది పక్క చక్రాలు. చదునైన సిమెంటు నేలమీద నిలిపి, ఒక్కొక్క చక్రాన్ని పట్టుకుని ఊపండి. లొడలొడలాడకూడదు. వెల్డింగు అతుకుల దగ్గర చీలిక గాని, పగులు దాచడానికి వేసిన కొత్త పెయింటు గాని ఉందేమో చూడండి. టైరు ఒక అంచే అరిగితే ఇరుసు వంకర. రెండు టైర్లలో గాలి సమానంగా ఉండాలి. తరువాత మీరు కూర్చుని, తమ్ముడిని వంగి చూడమనండి. మధ్య చక్రం నేలను గట్టిగా ఆనుతున్నదా? పక్క చక్రాలు బరువంతా మోసి మధ్య చక్రం తేలితే, బురదలో అది ఉత్తినే తిరుగుతుంది, బ్రేకు వేసినా ఆగదు.

నాలుగవది నడక. మీ అంత బరువున్న ఒకరిని నెమ్మదిగా తిన్నగా నడపమని, మీరు వెనుకనుంచి చూడండి. చేతులు కాస్త వదులు చేస్తే బండి ఒక పక్కకు పోతున్నదా? మీ భయం నిజమో కాదో ఇక్కడ తేలుతుంది. బండి తిన్నగా పోయి, మీరు కూర్చున్నప్పుడే ఒరిగితే లోపం సీటుది. ఎడమ తుంటి కింద గట్టి దిండు వేసి మళ్ళీ చూడండి.

కందనూలు అన్న మన ఊరి పేరు బండి చక్రాలకు వేసే కందెన నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. నిజమైనా కాకపోయినా, పాత బండి కొన్నాక చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు పెట్టించడం మరువకండి.

కాగితాల విషయంలో మొగమాటం వద్దు. చక్రాలు బిగించిన మార్పు రిజిస్ట్రేషను పత్రంలో నమోదై ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా సొమ్ము దగ్గర చిక్కు వస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఇటువంటి బండి వికలాంగులకే, వారి అవసరానికే వాడాలని చెబుతుంది. అందువల్ల తమ్ముడు దానిమీద ఎరువు బస్తాలు వేయడానికి లేదు. వేస్తే ముందు విరిగేది ఆ వెల్డింగే. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బండి అయితే, అమ్మే హక్కు ఉందో లేదో ఆ ఆఫీసులో అడగకుండా బయానా ఇవ్వకండి. ప్రభుత్వం వికలాంగులకు ఇటువంటి బండ్లు మంజూరు చేసిన సందర్భాలున్నాయి కనుక, పాతది కొనేముందు జిల్లా సంక్షేమ కార్యాలయంలో మీ సంగతీ అడగండి. మీకు నలభై దాటింది గనుక లైసెన్సుకు డాక్టరు ధ్రువపత్రం కావాలి. ఆ డాక్టరుకు బండి కూడా చూపించండి. లెర్నర్ లైసెన్సు తీసుకున్న 30 రోజులకు గాని అసలు లైసెన్సు పరీక్షకు వెళ్ళలేరు. ఆ నెల రోజులే మీకు మందు.

ఆ మందు మోతాదు ఇది. మొదటి మూడు రోజులు ఇంజను వేయవద్దు. పొద్దున్నే ఖాళీగా ఉన్న బడి మైదానంలో తమ్ముడు నెమ్మదిగా తోస్తుంటే, మీరు హ్యాండిల్ తిప్పడం, బ్రేకు వేయడం మాత్రమే చేయండి. తరువాత ఇంజను వేసి మనిషి నడిచే వేగంతో తిన్నగా పోవడం, ఆగడం. రెండవ వారం మలుపులు. గుండె దడదడలాడి, అరచేతులు చెమర్చితే ఆపి, అయిదు నిమిషాలు ఊపిరి నిదానంగా వదులుతూ కూర్చోండి. అంతటితో ఇంటికి పోవద్దు. తేలికైన పని ఒకటి మళ్ళీ చేసి దిగండి. ఓటమితో దిగిన రోజు భయం రెట్టింపవుతుంది. చుట్టూ నవ్వేవాళ్ళను చేరనివ్వకండి.

ఎక్కేటప్పుడు తాళం ఆపి ఉంచాలి. కాలికి బలం లేనివారు లేవడానికి కుడి పిడి పట్టుకుంటారు. అది తిరిగి బండి ఎగిరి దూకుతుంది. చాలామంది మొదటిసారి పడేది ఇట్లాగే. కాలు జారుతుందని తాడుతో కట్టవద్దు. పడితే బండితోపాటు ఈడ్చుకుపోతుంది. లాగితే ఊడిపోయే వెడల్పాటి పట్టీ వాడండి.

ఈ బండి మలుపులో రెండు చక్రాల స్కూటర్‌లాగా ఒరగదు. కనుక వేగం మలుపుకు ముందే తగ్గించాలి, మలుపులో బ్రేకు వేయకూడదు, ఒంటిని మలుపు లోపలివైపుకు వంచాలి. తారు రోడ్డు అంచుకు పోవద్దు. ఒక పక్క చక్రం మట్టిలోకి దిగితే బండి తిరగబడుతుంది. స్పీడ్ బ్రేకర్‌ను ఐమూలగా ఎక్కవద్దు. కోతల కాలంలో మన రోడ్లమీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు. సగం రోడ్డు అవే ఆక్రమిస్తాయి, పైగా రాళ్ళు పేర్చుతారు. చీకటి పడకముందే ఇల్లు చేరండి. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాటు రోడ్డు ఈ బండికి తగిన చోటు కాదు. హెల్మెట్ గడ్డం కింద బిగించకపోతే నెత్తిన గిన్నె బోర్లించుకున్నట్లే.

మూర్ఛ వ్యాధి ఉన్నవారు, పక్షవాతం వచ్చి ఒక చేయి పట్టు తప్పినవారు, ఇన్సులిన్ మీద ఉండి తరచు చక్కెర పడిపోయేవారు డాక్టరు చూసి చెప్పనిదే ఈ బండి ఎక్కరాదు. మత్తు కలిగించే జలుబు మాత్రలు, దగ్గు మందులు వేసుకున్న రోజు ఎవరూ ఎక్కరాదు.

మన దేశంలో సహజ పోలియో క్రిమి వల్ల చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చిలో దేశం పోలియో నుంచి విముక్తి పొందినట్లు ప్రకటించారు. పిల్లలకు చుక్కలు ఇప్పటికీ మానరాదు. పోలియో పోయింది గాని, అది తాకిన మీ తరంవారు ఇంకా పని చేసుకుని బ్రతకాలి, బజారుకు పోవాలి. వారికి తగిన బండి దొరకడం మందు దొరికినంత పని.

సోదరీ, మీ తమ్ముడు చూసిన బండి పనికిరాదని నేననడం లేదు. పై పరీక్షలన్నీ చేయించండి. నిలిస్తే కొనండి, నిలవకపోతే ఇంకొకటి చూడండి. ఈలోగా నెలా రెండు నెలలు ఆటోకు డబ్బు పోతుంది, పోనివ్వండి. తొడ ఎముక విరిగితే అయ్యే ఖర్చు ముందు అదెంత?