యెరికో ఊట, మన ఉద్దానం నీళ్లు



యెరికో అనగానే మనకు కూలిన గోడలే గుర్తొస్తాయి. సండే స్కూలు పిల్లలను అడిగినా బూరలు, ఏడు రోజులు అని టక్కున చెబుతారు. కానీ ఉద్దానంలో ఉన్న మనం తప్పక చదవాల్సిన యెరికో భాగం మరొకటి ఉంది. అది 2 రాజులు 2:19-22.

యెరికో యొర్దాను లోయలో, సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల దిగువన ఉంది. లోకంలోని అతి పాత పట్టణాల్లో అదొకటి. ఆ పాత దిబ్బను 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. చుట్టూ ఎండిన నేల ఉన్నా అక్కడ ఊరు నిలిచింది ఒక ఊట వల్లే. అందుకే బైబిలు దాన్ని ఖర్జూరచెట్ల పట్టణమని పిలుస్తుంది (ద్వితీ. 34:3).

అలాంటి ఊరి మనుషులు ఎలీషా దగ్గరకు వచ్చి, ఊరు చూడటానికి బాగుంది గాని నీళ్లు మంచివి కావు అన్నారు. ఈ మాట మన కవిటిలోనో, సోంపేటలోనో, వజ్రపుకొత్తూరులోనో అన్నట్టు లేదూ? కొబ్బరి, జీడి తోటలతో పచ్చని ఊళ్లు మనవి. కానీ ఎన్నో ఇళ్లలో కిడ్నీ జబ్బు. ఎన్నేళ్లుగా పరీక్షలు జరుగుతున్నా కారణం ఇదేనని తేలలేదు. నీళ్ల మీద అనుమానం మాత్రం పోలేదు.

ప్రియులారా, యెరికో మీద యెహోషువ పలికిన శాపం ఉంది (యెహో. 6:26). దాన్ని తిరిగి కట్టిన హీయేలు తన కుమారులను పోగొట్టుకున్నాడు (1 రాజులు 16:34). "మీది శపించబడిన ఊరు, అనుభవించండి" అని ఎలీషా అనవచ్చు. అనలేదు. మరి ఒక సహోదరునికి క్రియాటినిన్ పెరిగిందని తెలియగానే "ఏ పాపం చేశాడో" అని మనం ఎలా అంటాం? ఈ మాటలకు భయపడే, పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయని భయపడే, చాలామంది జబ్బును దాచుకుంటున్నారు. యెరికోవారు దాచుకోలేదు. వచ్చి చెప్పారు.

ఎలీషా క్రొత్త పాత్రలో ఉప్పు తెమ్మని, ఊట దగ్గరకే వెళ్లి అందులో వేశాడు. నీటిని బాగుచేసింది ఉప్పు కాదు, యెహోవా. ఈ వాక్యం చూపి ఎవరైనా ప్రార్థన ఉప్పు ఇస్తే తీసుకోకండి. కిడ్నీ రోగులకు డాక్టర్లు ఉప్పు తగ్గించమంటారు. "డయాలసిస్ మానేయడమే విశ్వాసం" అని చెప్పేవారు పాస్టరు అయినా సరే, నేను ఒప్పుకోను. మానేస్తే ప్రాణం పోతుంది. హిజ్కియాకు స్వస్థత వాగ్దానం చేసిన దేవుడే అంజూరపు ముద్ద పుండుమీద వేయించాడు (2 రాజులు 20:5-7). ప్రార్థన చేద్దాం, మందూ వాడుదాం.

2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి ఉద్దానానికి మంచినీటి పథకం కూడా ఆ రోజే మొదలైంది. వీటికోసం దేవునికి స్తోత్రం. మీ వీధి కుళాయికి నీళ్లు రాకపోతే మాత్రం ఊరుకోకండి. యెరికోవారిలా కలిసి వెళ్లి పంచాయతీలో అడగండి. అది కూడా భక్తే.

ప్రభువు చెప్పిన సమరయుని ఉపమానం జరిగింది యెరికో దారిలోనే (లూకా 10:30-35). అతడు గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకున్నాడు, ఖర్చు పెట్టుకున్నాడు. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి, వెళ్లినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు పడుతుంది. బండి ఉన్న యవ్వనస్థులారా, వారంలో ఒక్కరోజు ఒక్క రోగిని తీసుకెళ్లి, తోడుగా కూర్చుని, ఇంటికి తీసుకురాగలరా? రాగలిగినవారు ఈ ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను కలవండి.

యెరికో ఊటను బాగుచేసిన దేవుడు మన నీళ్లను, మన ఇళ్లను, మన నోటి మాటలను కూడా బాగుచేయును గాక. ఆమేన్.